ఇంటివాళ్లు ఉండే బస గండికోటకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను జమ్మలమడుగులో మెస్ నడుపుతాను. గండికోటకు వచ్చిపోయేవాళ్లు చాలామంది పొద్దున టిఫినుకో మధ్యాహ్నం భోజనానికో మా దగ్గర ఆగుతారు. రాత్రి ఎక్కడ పడుకున్నారో, ఎంత కట్టారో, దేనికి తిట్టుకున్నారో అన్నీ దోసె వచ్చేలోపల చెప్పేస్తారు. గండికోట గురించి పేపర్లో వచ్చిన వార్తలు కత్తిరించి గల్లాపెట్టెలో పెట్టుకోవడం నాకు అలవాటు. గండికోటలో పర్యాటకానికి కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసిందన్న వార్త అందులో ఉంది. పెద్ద హోటళ్లు వస్తాయన్న వార్తలూ ఉన్నాయి. రానీండి, పదిమందికి పని దొరుకుతుంది. కానీ ఇంటివాళ్లే నడుపుకునే నాలుగు గదుల బస గురించి ఆ కాగితాల్లో ఎక్కడా కనపడలేదు. అలాంటి చోట ఈ ఎండాకాలం ఉత్తరాదిలో ఉండి వచ్చాను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది. మీరు కోతలు పెట్టుకున్నా సరే, చివర అడిగిన సంగతి మాత్రం తీసెయ్యకండి.

మా అల్లుడు మిలిటరీలో ఉన్నాడు, ఉద్యోగం బరేలీలో. మే నెలలో ఇక్కడ మనకు బండలు పగిలే ఎండ. బరేలీలో అంతకు తక్కువేం లేదు. పిల్లలకు సెలవులు కదా, నైనిటాల్ పోదామనుకున్నారు. అల్లుడితో పనిచేసే అబ్బాయి ఒకడు, ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల వాడు, "మేలో నైనిటాల్ పోతే చెరువు కంటే కార్లే ఎక్కువ కనపడతాయి, నౌకుచియాతాల్ పోండి" అని ఒక ఫోన్ నంబరు ఇచ్చాడు. కాఠ్‌గోదాం దాకా రైలు. 1884లో వేసిన ఆ లైను అక్కడితో ఆగిపోతుంది, ఇక ముందంతా కొండే. స్టేషన్ నుంచి జీపులో భీంతాల్ మీదుగా 25 కిలోమీటర్ల పైచిలుకు. మలుపుల్లో నా కడుపు ఏమైందో ఇక్కడ రాయను.

నౌకుచియాతాల్ అంటే తొమ్మిది మూలల చెరువు. సముద్రమట్టానికి సుమారు 1,220 మీటర్ల ఎత్తులో ఉంది. పొడవు కిలోమీటరు కూడా ఉండదు. మైలవరం డ్యాం చూసిన కళ్లకు అదేం పెద్ద చెరువు కాదు. కానీ లోతు 40 మీటర్లట, అడుగున ఊటలతోనే నిండుతుందట. తొమ్మిది మూలలూ ఒకేచోట నిలబడి ఒకేసారి చూసినవాళ్లకు మోక్షం వస్తుందని అక్కడి నమ్మకం. మేం దిగిన ఇంటి ముసలమ్మను ఆ మాట అడిగితే, "నాకు ఏడుకు మించి ఎప్పుడూ కనపడలేదు, అందుకే ఇంకా ఇక్కడే ఉన్నాను" అంది. ఆమెకు ఎనభై దాటాయి. అందరూ ఆమెను ఆమా, అంటే అవ్వ, అంటారు. నేనూ అట్లాగే పిలిచాను.

బోర్డు మీద కాటేజీ రిసార్టు అని రాశారు గానీ, అది వాళ్ల ఇల్లు, ఇంటి కింద మెట్ల పొలంలో కట్టిన నాలుగు చిన్న ఇండ్లు. రాతి గోడలు, మీద ఎర్ర రంగు వేసిన రేకులు. మధ్యలో ఆడూ (పీచ్) పండ్ల చెట్లు, ఉల్లిగడ్డ మడి, కట్టేసిన ఆవు. చెరువు గట్టుకు దిగాలంటే నూరు మెట్లకు తక్కువ ఉండవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ సంగతి ముందే అడిగి పోవడం మంచిది, ఫోటోల్లో మెట్లు కనపడవు. ఇంట్లో ఆమా, ఆమె కొడుకు, కోడలు, మనవడు, మనవడి భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. మనవడు ఢిల్లీలో ఒక హోటల్లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. ఆ కొండల నుంచి ఢిల్లీ హోటళ్లకు పోయిన పిల్లలు ఇంటికొకరు ఉంటారని అతనే చెప్పాడు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి తాళాలు పడ్డాయి. 2001కి, 2011కి మధ్య అల్మోడా, పౌడీ జిల్లాల్లో జనాభా పెరగలేదు సరికదా, తగ్గింది. వలసల సంగతి చూడటానికి అక్కడి ప్రభుత్వం 2017లో ఒక కమిషనే పెట్టింది. అతను చెబుతుంటే నాకు రాయచోటి, రాజంపేట దిక్కు కువైట్‌కు పోయిన ఇండ్లు గుర్తొచ్చాయి. రంగులేసిన మేడలు, లోపల ముసలివాళ్లిద్దరే.

నేను మెస్ మనిషిని కాబట్టి మొదట చూసింది వంటిల్లే. మెనూ కార్డు లేదు. రాత్రి భోజనాలయ్యాక ఇంటి కోడలు వచ్చి, రేపు పొద్దున ఏం తింటారు, మధ్యాహ్నం ఉంటారా తిరగడానికి పోతారా అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. అంతకే పిండి కలుపుతుంది, అంతకే పప్పు నానేస్తుంది. మిగిలింది ఆవుకు పోతుంది, అది కూడా గుప్పెడే. మా మెస్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు మిగిలే అన్నం చూసి నేను పడే బాధ ఆమెకు లేదు. ఎంతమంది ఉన్నారో తెలుసు కాబట్టి. చిన్నగా నడుపుకోవడంలో ఉన్న లాభం ఇక్కడ నాకు బాగా అర్థమయింది. నలభై గదుల హోటల్ వాడు బఫే పెట్టక తప్పదు, సగం పారెయ్యకా తప్పదు.

ఇక వాళ్ల తిండి. ఉత్తరాది అంటే మైదాపిండి, పనీరు అనుకుని నేను ఎర్రకారం డబ్బా, చెనక్కాయల పొడి మూటగట్టుకుని పోయాను. మొదటి రాత్రి కంచంలో పెట్టింది మండువా రొట్టె, గహత్ పప్పు. మండువా అంటే మన రాగులు. గహత్ అంటే ఉలవలు. రొట్టె మీద వెన్న, పక్కన బెల్లం. దోసకాయ తురిమి, ఆవాలు నూరి కలిపిన పెరుగు పచ్చడి ఒకటి ఉంది, ముక్కు అదురుతుంది. భాంగ్ గింజలు నూరిన చట్నీ పెడితే మా అమ్మాయి భయపడింది గానీ అందులో మత్తేమీ ఉండదు, నువ్వుల పచ్చడికి దగ్గరగా ఉంటుంది. నల్ల సోయా గింజలు వేయించి చేసే చుర్‌కానీ అనే పులుసు మాత్రం నా నోటికి పట్టలేదు. మూడో పూటకే నేను వాళ్ల వంటింట్లో దూరి రాగి సంగటి కెలికాను. ఆమా వచ్చి చూసి, "ఇది మా బాడీ" అని పక్కన పీట వేసుకుని కూర్చుంది. వాళ్లూ రాగిపిండితో అట్లాంటి ముద్దే చేసి ఉలవల పులుసుతో మింగుతారట. ఆమెకు పళ్లు లేవు కాబట్టి ఈ వంట చేసే కోడలు అంటే ఇష్టమని నవ్వింది. మా ఊరుబిండి పచ్చడి ఆమె తినలేకపోయింది. కారం!

భాష సంగతి కూడా చెప్పాలి. నాకు వచ్చిన హిందీ మా వీధిలో ముస్లింల ఇండ్ల దగ్గర నేర్చుకున్నది. నేను అవునుకు "హౌ", వద్దుకు "నక్కో" అన్నప్పుడల్లా ఆ ఇంటి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. వచ్చే రోజుకు వాళ్లూ నక్కో అంటున్నారు.

గదుల్లో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మంచం, రెండు రజాయిలు, ఒక కుర్చీ, కిటికీలోంచి చెరువు. టీవీ లేదు. ఫోన్ సిగ్నల్ మెట్ల మీద కూర్చుంటే వస్తుంది, గదిలో రాదు. అల్లుడికి అదొక్కటే టెన్షన్. సాయంత్రం వానొచ్చిందంటే కరెంటు పోతుంది. వేడినీళ్లు సోలార్‌వి, మబ్బు పట్టిన రోజు బకెట్‌తో వంటింటి నుంచి తెచ్చిచ్చారు. దుప్పట్లు ఆవు పక్కనే తీగ మీద ఆరేస్తారు, కాబట్టి ఉతికారా లేదా అని అనుమానం అక్కర్లేదు, కళ్లముందే కనపడుతుంది. స్నానాల గది తలుపు గడియ సరిగ్గా పడేది కాదు. పొద్దున చెబితే మధ్యాహ్నానికి మనవడే స్క్రూడ్రైవర్ తెచ్చుకుని బిగించాడు. ఏ కంపెనీకో ఫోన్ చేసి, "మీ ఫిర్యాదు నమోదైంది" అని మెసేజ్ అందుకుని కూర్చునే పని లేదు. గదికి రెండు వేల చిల్లర తీసుకున్నారు, భోజనం వేరే. నేరుగా ఫోన్ చేసి వచ్చినవాళ్లకు ఒక రేటు, యాప్‌లో బుక్ చేసుకున్నవాళ్లకు ఇంకో రేటు. యాప్ వాళ్ల కమీషన్ కట్టాక చేతికి వచ్చేది తక్కువని దాచకుండానే చెప్పాడు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఒక రాత్రి జరిగింది. పక్క రెండు కాటేజీల్లోకి ఢిల్లీ నుంచి కుర్రవాళ్ల బృందం దిగింది. రాత్రి పది దాటాక పెద్ద స్పీకర్ పెట్టారు. అక్కడ ఉన్నవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఆమా కొడుకు, అరవై దాటిన మనిషి, టార్చి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. గొడవేమీ పెట్టుకోలేదు. "బాబూ, ఇది మా ఇల్లు. మా అమ్మ పడుకుంది. చెరువు అవతల కూడా ఇండ్లున్నాయి, నీళ్ల మీద చప్పుడు అక్కడిదాకా పోతుంది" అన్నాడు. స్పీకర్ ఆగింది. వాళ్లలో ఒకడు పొద్దున వచ్చి ఆమా కాళ్లకు దండం కూడా పెట్టాడు. ఆమా కొడుకు ఇంకో జాగ్రత్త కూడా ఆ రాత్రే చెప్పాడు: చీకటి పడ్డాక బయట తిరగొద్దు, చిరుతలు వస్తాయి. వాళ్ల కుక్క మెడకు ఇనుప ముళ్ల పట్టీ ఎందుకు ఉందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు గండికోట సంగతి చూడండి. శనివారం రాత్రి గుడారాలు వేసి, మంటలు వేసి, డీజే పెట్టి పోతారు. ఆదివారం పొద్దున పెన్నా గండి అంచున బీరు సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు. గుడారాలు అద్దెకిచ్చినవాడు ఎక్కడో ఉంటాడు, జీతగాడు ఒక్కడు ఇక్కడ ఉంటాడు. రాత్రి చప్పుడు ఆపమని చెప్పే ధైర్యం ఆ జీతగాడికి ఎట్లా వస్తుంది? వాడు రేపు ఇంకో చోట పని చూసుకుంటాడు. కోటలోపల ఇప్పటికీ ఇండ్లున్నాయి, జనం ఉన్నారు. జామా మసీదు, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, ధాన్యాగారం అన్నీ ఆ ఇండ్ల మధ్యే ఉన్నాయి. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ వచ్చిన కోట ఇది. అప్పటినుంచీ ఇక్కడికి దూరదేశాల వాళ్లు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లకు ఈ ఊరి మనిషి కనపడటమే తక్కువ. మా మెస్‌కు వచ్చిన బెంగళూరు కుర్రవాళ్లు, "ఆంటీ, మాకు ఇక్కడ ఎవరూ తెలీదు, కోట గురించి ఫోన్‌లో చదువుకున్నాం" అంటారు. అంత దూరం వచ్చి ఫోన్‌లో చదువుకోవడమా!

నౌకుచియాతాల్‌లో ఆ మనవడు పొద్దున్నే కెమెరాలు పట్టుకొచ్చినవాళ్లను సాత్‌తాల్ అడవిలోకి పిట్టలు చూపించడానికి తీసుకుపోయేవాడు. దానికి వేరే డబ్బు. అతని భార్య గుమ్మాల ముందు ఐపణ్ వేస్తుంది, ఎర్రమట్టి అలికి బియ్యప్పిండితో. పండగ పూట అరుగు అలికి ముగ్గేసే మనకు అందులో వింతేమీ కనపడదు. కానీ బెంగాలు నుంచి వచ్చినావిడ ఒకరు కూర్చుని నేర్చుకుని, గుడ్డ మీద వేయించుకుని కొనుక్కుపోయింది. బస కాక ఇవన్నీ వాళ్ల రాబడే. అతిథులు ఉండేది మే, జూన్, మళ్లీ అక్టోబరు. వానాకాలం కొండచరియల భయంతో ఎవరూ రారు. ఆ నెలల్లో ఆవు, పొలం, పండ్ల చెట్లు ఉన్నాయి కాబట్టి గడుస్తుంది. అప్పు తెచ్చి నలభై గదులు కట్టినవాడికి ఆ వెసులుబాటు ఉండదు. వానాకాలంలో కూడా వాడు ఎట్లాగోలా జనాన్ని తేవాల్సిందే.

ఆమా కొడుకు, ఆ పెద్దాయన, ఇంకో మాట చెప్పాడు. 1880 సెప్టెంబరు 18న నైనిటాల్‌లో కొండచరియ విరిగి 151 మంది చనిపోయారు. పెద్ద హోటల్ ఒకటి, నైనాదేవి గుడి ఆ మట్టికింద పోయాయి. ఆ తర్వాతే బ్రిటిష్ వాళ్లు కొండ పొడుగునా వాననీళ్లు పోయే కాలువలు కట్టించారు. ఇప్పుడు ఆ కొండల మీద లేస్తున్న అంతస్తులు చూపించి ఆయన తల ఊపాడు. ఏది తప్పో నాకు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. మన గండి అంచు రాయి వేరు, వాన వేరు, నిజమే. కానీ అంచు మీద బరువు పెట్టే ముందు చూసుకోవాల్సింది ఎక్కడైనా ఒకటే.

అన్నీ బాగున్నాయని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఆమా మొదటి రోజే నన్ను ఇంటిపేరు అడిగింది, ఎందుకో నాకు తెలీదా? మనవడు, "ఆమా!" అని గట్టిగా అరిచాడు. ఆమె ఊరుకుంది. మన దగ్గర అద్దెకు ఇల్లివ్వడానికే కులం అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. బసకు ఇంటి తలుపు తీసినవాళ్లు ఆ ప్రశ్న గడప బయటే వదిలెయ్యాలి. ఆధార్ కాపీ తీసుకున్నాక ఇక అడగడానికి ఏమీ ఉండకూడదు. ఇంట్లో ఆడపిల్లలున్నారు, ఎవరొస్తారో అని భయపడేవాళ్లు కూడా ఉంటారు. ఆ భయం తప్పని నేను అనను. అక్కడ ఇంటివాళ్ల మేడ పైన, అతిథుల గదులు కింద. మెట్ల మధ్యలో ఒక చిన్న గేటు, రాత్రి తాళం. మందు తాగేవాళ్లకు ఫోన్‌లోనే ఖచ్చితంగా చెప్పేస్తారు, రావద్దని. ఆ మాట వల్ల కొన్ని బుకింగులు పోతాయి. పోతే పోనీ అంటారు.

ఇక చట్టం సంగతి. ఇట్లాంటి ఇంటి బసను హోంస్టే అంటారు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే నియమాల్లో ఆరు గదులు, పన్నెండు మంచాలు మించకూడదు, యజమాని కుటుంబంతో సహా అక్కడే ఉండాలి అని ఉంది. ఉత్తరాఖండ్‌లో 2018లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ్ పేరుతో ఒక పథకం తెచ్చారు, గదులు కట్టుకోవడానికి తెచ్చిన అప్పు మీద రాయితీ ఇస్తారు. కరెంటుకు, నీళ్లకు ఇంటి రేటే తప్ప వ్యాపారం రేటు వెయ్యరని మనవడు చెప్పాడు. మెస్ నడిపేదాన్ని కాబట్టి ఆ మాట విన్నప్పుడు నాకు ఈర్ష్య కలిగింది. నా కరెంటు బిల్లు చూస్తే మీకూ తెలుస్తుంది. మన రాష్ట్రంలోనూ 2024-29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. పెద్ద పెట్టుబడులకు అది ఉపయోగపడుతుంది. ముసలి తల్లీ, కొడుకూ, రెండు ఖాళీ గదులూ ఉన్న ఇంటికి పరిశ్రమ అనే మాటతో పనేముంది? వాళ్లకు కావాల్సింది ఒకే చోట ఇచ్చే ఒకే కాగితం. పంచాయతీ ఒకటి, ఫైర్ ఒకటి, ఆహారం లైసెన్సు ఒకటి, పోలీసు ఒకటి అని తిప్పితే మూడో ఆఫీసు దగ్గరే ఆగిపోతారు. ఆగిపోయాక ఆ గదులు ఎవరో బయటివాడికి లీజుకు పోతాయి. అప్పుడు కాగితం మీద ఇంటివాళ్లు, గదుల్లో కంపెనీవాళ్లు. నాకు ఉన్న భయం ఇదే. ఇంటి యజమాని అక్కడే కాపురం ఉండాలి అన్న ఆ ఒక్క షరతును మాత్రం సడలించకుండా, మిగతా షరతులన్నీ తేలిక చెయ్యండి అని నేను అడిగేది.

ఈ గదులు ఎవరి ఇండ్లలో రావాలో కూడా చెబుతాను. గండికోట రిజర్వాయర్ 26.85 టీఎంసీలు. ఆ నీళ్ల కింద ఎన్ని ఊళ్లు పోయాయో ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. మా ఆడబిడ్డ వాళ్లది తాళ్లప్రొద్దుటూరు. 2020లో ఊరు వదిలి వచ్చారు. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు, పైన రెండు గదులు వేశారు, కొడుకులిద్దరూ బెంగళూరులో, గదులు ఖాళీ. నీళ్ల కోసం ఊరిచ్చినవాళ్లకు ఆ నీళ్లు చూడటానికి వచ్చేవాళ్ల మీద నాలుగు రూపాయలు రావడం న్యాయం కాదా? ఆమె చేసే జొన్న రొట్టె, గోంగూర పప్పు తిన్నవాళ్లు మళ్లీ వస్తారు, ఇది ఆడబిడ్డ కాబట్టి చెబుతున్న మాట కాదు, మెస్ మనిషిగా చెబుతున్నాను. మా దిక్కు పాత మట్టి మిద్దెలు, నాపరాయి పరిచిన ఇండ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఏప్రిల్‌లో గుడారంలో పడుకున్నవాడు పొద్దున ఏడింటికే లేచి పారిపోతాడు. మిద్దెలో పడుకున్నవాడు మధ్యాహ్నం కూడా కునుకు తియ్యగలడు. దొమ్మరనంద్యాల మగ్గాలు పక్కనే ఉన్నాయి. బెలుం గుహలు చూసి వచ్చేవాళ్లు ఒక రాత్రి ఆగడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక్కటి నిజం, మన సీజన్ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మిగతా నెలలు గదులు ఖాళీగానే ఉంటాయి. అందుకే అప్పు చేసి కొత్తగా కట్టొద్దు, ఉన్న గదులకే బాత్‌రూమ్ బాగుచేసుకుంటే చాలు అని మా ఆడబిడ్డకు చెప్పాను. మంచి బాత్‌రూమ్, ఉతికిన దుప్పటి, మంచినీళ్లు, రాత్రి లైటు. వీటికి అయ్యే ఖర్చుకు బ్యాంకు వాళ్లు చిన్న అప్పు ఇస్తే సరిపోతుంది. డ్వాక్రా సంఘాల ద్వారా ఇస్తే ఇంకా మంచిది, తిరిగి కట్టించుకోవడం ఆ సంఘాలకు బాగా వచ్చు.

నేను అడిగేవి ఇవీ. పర్యాటక శాఖ వాళ్లు జమ్మలమడుగులో ఒక రోజు కూర్చుని, హోంస్టే పెట్టాలనుకునే కుటుంబాలు ఏ కాగితాలు తేవాలో తెలుగులో రాసిచ్చి, దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకోవాలి. కరెంటుకు, ఇంటి పన్నుకు ఇంటి రేటే వెయ్యాలి. గండి అంచునుంచి ఇంత దూరం దాకా రాత్రి గుడారాలు, స్పీకర్లు ఉండకూడదని గీత గీసి బోర్డు పెట్టాలి. 77.91 కోట్లలో దారులకు, లైట్లకు పోను కొంచెమైనా ఈ కుటుంబాలకు వంట, శుభ్రత, అతిథులతో మాట్లాడే తీరు నేర్పడానికి పెట్టాలి. వంట నేర్పే పని నేను చేస్తాను, దానికి డబ్బులు అక్కర్లేదు. ఆ కుమావూ కుటుంబం నంబరు నా దగ్గర ఉంది, మన అధికారులు ఎవరైనా మాట్లాడతామంటే వాళ్ల అనుమతి తీసుకుని ఇస్తాను. మనవడు ఓపిగ్గా చెబుతాడు, సిగ్నల్ కోసం మెట్ల మీదికి వచ్చినప్పుడు దొరుకుతాడు.

మా ఆడబిడ్డ కాలనీలో ఇప్పటికే ఏడెనిమిది ఇండ్లవాళ్లు సరేనన్నారు. మంగళవారం మా మెస్‌కు సెలవు. ఏ అధికారి అయినా ఆ రోజు వస్తే ఆ ఇండ్లన్నీ నేనే వెంటబెట్టుకుని చూపిస్తాను. మధ్యాహ్నం దాటి వస్తే మంచిది, పొద్దున అందరూ పొలాల దగ్గర ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
జమ్మలమడుగు, కడప జిల్లా.